మజ్జిగ రాని బంతి

ముసురుకొండ ఎక్కడానికి దారి ఒక్కటే గానీ, దిగే దారి ఎవరిది వాళ్లే వెతుక్కోవాలని కొండ కింద పల్లెల్లో అంటారు. అలాంటి కొండకి తుంగవేణి రాజ్యపు యువరాజు హేమాంగదుడు జలపాతం చూసొస్తానని ఒంటరిగా, సరదాగా బయల్దేరాడు. వద్దని చెప్పినవాళ్ల మాట విన్నాడా అంటే, వినలేదు. వినుంటే మనకీ కథే లేదు.

పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టేశారు. సింహాసనం ఎక్కాక కాలు బయట పెట్టనివ్వరు కాబట్టి, ఈలోగా ఒక్కసారి ముసురుధార ముందు నిలబడి కళ్లారా చూసి రావాలని అతని కోరిక. గుర్రం తిరిగొచ్చింది, మనిషి రాలేదు. వెతకబోయిన భటులు సగం కొండ ఎక్కి, నరమానవుడు లేనిచోట పప్పు తాలింపు వాసన వస్తోందని బెదిరిపోయి దిగొచ్చేశారు. తాలింపు వాసనకి పారిపోయే సైన్యాన్నా నేనింతకాలం మేపింది అని ముసలిరాజు మంచంలోంచే తిట్టాడు గానీ, లేచి కూర్చునే ఓపిక ఆయనకెక్కడిది?

ఇక మిగిలింది రెండో కొడుకు కువలయుడు. అన్నంటే అతనికి ప్రాణం. కత్తి బిగించి గుర్రం ఎక్కబోతుంటే కోట వాకిట్లో ఒక కొండమనిషి అడ్డంగా నిలబడింది. పేరు గురివి. కొండవాలున తేనె తీసే గూడెం ఆమెది. నలభై దాటిన మనిషి, చింతబరికలా సన్నగా ఉంటుంది, మాట కూడా చింతబరికే. కత్తి ఇంట్లో పెట్టి మజ్జిగ కడవ పట్టుకు రమ్మంది. కోటలో అందరూ నవ్వారు. ఆమె చెప్పిందంతా విన్నాక మాత్రం ఒక్కరికీ నవ్వు రాలేదు.

కువలయుడి తాతల తాత రాజుగా ఉన్న రోజుల్లో, ముసురుధార దాకా రాళ్లు తొలిచి బాట వేయించాడట. పని పూర్తయిన రోజున ఆ ధార పక్కనే బాట వేసిన కూలీలందరికీ బంతిభోజనం పెట్టించాడు. పచ్చి అడ్డాకుల విస్తళ్లు పరిచి పప్పు వడ్డించారు, కూర వడ్డించారు, పులుసు వడ్డించారు. ఇంతలో పైకొండల మీద మబ్బు నల్లబడింది. వాగు పొంగుతుందని రాజుకి ఎవరో చెవిలో చెప్పారు. రాజు తన వాళ్లని, వంటవాళ్లని, మజ్జిగ కడవల్ని వెంటబెట్టుకుని చల్లగా దిగిపోయాడు. దిగేముందు కూలీలతో, మీరు తింటూ ఉండండి, మజ్జిగ పంపిస్తున్నా, ఎవరూ లేవొద్దు అన్నాడు. పెట్టినాయనే లేవొద్దన్నాక బంతిలోంచి ఎవడు లేస్తాడు? మజ్జిగ కోసం చూస్తూ కూర్చున్నారు. మజ్జిగకి బదులు వరద వచ్చింది.

ఆ బంతి ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉందని గురివి చెప్పింది. మిట్టమధ్యాహ్నం, భోజనాల వేళ, ధార మీద ఎండ పడినప్పుడు కనబడుతుంది. ఆకలితో కూర్చున్న ప్రేతాలని ఒక మాంత్రికుడు కనిపెట్టి తన పంట చేసుకున్నాడు. అతని అసలు పేరెవరికీ తెలియదు. వద్దన్నకొద్దీ కొసరి కొసరి వడ్డిస్తాడని గూడెంవాళ్లు కొసరయ్య అంటారు. దారినపోయే బతికున్నవాళ్లని కూడా మర్యాదగా పిలిచి ఆ బంతిలో కూర్చోబెడతాడు. వాళ్లు తినే ఒక్కో ముద్దకీ వాళ్ల ఆయుష్షు కాస్త అతని కడుపులోకి పోతుంది. వాళ్లకేమో కాళ్ల దగ్గర్నుంచి పాచి ఎక్కుతూ వస్తుంది. అది గొంతు దాటితే ఆ మనిషి ఇక బంతిలోవాడే. గురివి మొగుడు తేనెకని వెళ్లి అలాగే కూర్చుండిపోయాడు. ఎదుటి కొండకొన మీంచి ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఆయన గొంతు దాటి చాలా కాలమైంది. యువరాజుకి మొన్నటికి రొమ్ము దాకా వచ్చింది.

"ఆ భోజనం ముగియాలంటే మజ్జిగ పడాలి దొరా. మేం పోస్తే చెల్లదు. పెట్టి మధ్యలో వదిలేసిన ఇంటి చెయ్యే పొయ్యాలి," అంది గురివి.

అదీ సంగతి. తెలతెలవారుతుండగా ఇద్దరూ కొండ ఎక్కడం మొదలుపెట్టారు. కువలయుడి ఒంటి మీద నగ లేదు, నడుముకి కత్తి లేదు. పంచె ఎగ్గట్టి, నడుముకి తుండుగుడ్డ బిగించి, అచ్చం వడ్డనవాడిలా తయారయ్యాడు. బంతిలో వడ్డించేవాణ్ణి కూర్చోమని ఎవరూ బలవంతం చెయ్యరు కాబట్టి ఆ వేషమే అతనికి కవచం. నెత్తిన చుట్టకుదురు, దానిమీద మజ్జిగ కడవ. కడవ నేలమీద దించితే వడ్డన అయిపోయినట్టు లెక్క, అందుకని ఒకరి నెత్తిమీంచి ఇంకొకరి నెత్తికి మార్చుకోవడమే తప్ప ఎక్కడా దించకూడదు. ఏనుగు మీద ఊరేగిన నడక మానుకుని కాళ్లు చూసుకుని నడవమని గురివి అడుగడుగునా చురకలు వేస్తూనే ఉంది. వంగి పొయ్యడమెలాగో, చెయ్యి ఆకుకి తగలకుండా ఉంచడమెలాగో దారి పొడుగునా నేర్పించింది. పుట్టి బుద్ధెరిగాక ఒకరికి గుక్కెడు నీళ్లయినా అందించని రాజకుమారుడు బుద్ధిగా నేర్చుకున్నాడు.

మొదటి మలుపు దాకా కొండ తన సొగసంతా చూపించింది. రెండుపక్కలా మోదుగులు ఎర్రగా విరగబూశాయి, పొగడపూలు బాటంతా రాలి ఉన్నాయి, రాళ్ల సందుల్లో సన్నటి నీటిపాయలు ఎండకి తళతళమంటూ జారుతున్నాయి. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. పైనెక్కడో ముసురుధార హోరు వినబడుతోంది, మెత్తగా, పిలుస్తున్నట్టు. అన్నయ్య ఎందుకు మనసుపడ్డాడో కువలయుడికి అప్పుడు అర్థమైంది. రెండో మలుపు తిరగ్గానే పక్షి కూత ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. అప్పుడొచ్చింది వాసన. కాగిన నెయ్యి, ఇంగువ, ఎండుమిరపకాయ, కరివేపాకు. పొయ్యి లేదు, పొగ లేదు, మనిషి లేడు, నోట్లో మాత్రం నీళ్లూరుతున్నాయి. అంత కమ్మటి వాసనకి ఒళ్లంతా చల్లబడటం కువలయుడికి అదే మొదటిసారి.

బరువులు ఆనించుకునే రాతిబల్ల దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నెరిసిన ముడి, నుదుట చిన్న బొట్టు, ముందర పచ్చటి విస్తరి, విస్తరిలో పొగలు కక్కే అన్నం. ముఖం చూస్తే ఎవరికైనా వాళ్ల అమ్మమ్మే గుర్తొస్తుంది. మోకాళ్ల కింద మాత్రం కాళ్లకి బదులు పాచి పట్టిన రాయి ఉంది.

"ఎండన పడి వచ్చావు నాయనా, ఒక్క ముద్ద తిని వెళ్లు," అంది ముసలమ్మ.

కువలయుడు మర్యాద తెలిసినవాడు. వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను అన్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు. మన వైపు ఒకసారి వద్దంటే ఇంకోసారి అడగమని అర్థం, రెండోసారి వద్దంటే కొంచెం పెట్టమని అర్థం. ఆ సంగతి ముసలమ్మకి తెలియదా? ఎండకి ముఖం ఎలా వాడిపోయిందో చూడు, ఈ కొండమీద తినేదేముంటుంది, మొహమాటపడకు అంటూ విస్తరి ముందుకి జరిపింది. వద్దనడం ఎలాగో తెలియక ఇబ్బందిగా నవ్వాడు. ఆ నవ్వుకే అతని కుడిచెయ్యి కడవని వదిలి విస్తరి వైపు చాచుకుంది. వెనకనుంచి గురివి వచ్చి ఆ చేతిమీద చెళ్లున ఒక్కటిచ్చి, మేం తినడానికి రాలేదు, వడ్డనకి పోతున్నాం అని గట్టిగా చెప్పింది.

ముసలమ్మ ముఖంలో నవ్వు పోయింది. చాలాసేపు కడవ వైపే చూసింది. "వడ్డనవాళ్లా? అయితే పైకి పోండి నాయనా, పైన చాలామంది ఉన్నారు," అంది. మలుపు తిరిగాక కువలయుడు వెనక్కి చూస్తే రాతిబల్ల మీద పాచి తప్ప ఏమీ లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే కడవ ఒలుకుతుందని గురివి కసిరింది.

ఆ పైన లోయ. లోయ మీద ఊడలు పెనవేసిన తీగల వంతెన. గురివి ముందు నడిచింది, కడవతో కువలయుడు వెనక. సగం దాటేసరికి వాళ్ల రాక కొసరయ్యకి తెలిసిపోయినట్టుంది, చేతికింద తీగ కదిలింది. గాలికేమో అనుకున్నాడు. గాలి ఎక్కడుంది? తీగకి పొలుసులు లేచాయి. పెనవేసుకున్న ఊడలన్నీ ఒక్కొక్కటే జారి విడిపోతూ, బుసలు కొడుతూ, కొండచిలువలై అతని నడుముని వెతుకుతున్నాయి. కాలికింద కర్ర ఒకటి వాటి నోట్లోకి పోయింది, దాని పక్కది కూడా పోయింది. ఇక చూసుకునేదేముంది, కువలయుడు రెండు చేతులా కడవ పట్టుకుని పరుగందుకున్నాడు. ఒక చిలువ చీలమండని చుట్టింది. విదిలించాడు. మిగిలిన కర్ర కూడా విరిగింది. గట్టు మీదకి దూకాడు గానీ కాలు జారింది. గురివి ఒక చేత్తో చెట్టు వేరు, ఇంకో చేత్తో అతని జుట్టు దొరకబుచ్చుకుంది. తుంగవేణి రాజకుమారుడు జుట్టుకి వేలాడుతూ గట్టెక్కాడు. కడవ మాత్రం ఒరిగింది. చాలా మటుకు మజ్జిగ తెల్లగా ధారకట్టి లోయలోకి పోయింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. అంత లోతునుంచి చప్పుడొకటి పైకొచ్చింది. పదిమంది కలిసి చేతులు నాక్కున్న చప్పుడు అది.

 కడవ ఊపి చూస్తే అడుగున కొంచెం కదిలింది, అంతే. వెనక్కి పోయి తెచ్చే వ్యవధి లేదు, మధ్యాహ్నం అయిపోవస్తోంది. చుట్టాలు ఎక్కువైతే మజ్జిగలో నీళ్లు కలపడం మన ఇళ్లలో కొత్తేం కాదు గానీ, ఇక్కడ చుట్టూ పారుతున్నది ఆ బంతి ప్రాణం తీసిన నీళ్లే. వాళ్ల నోట్లో మళ్లీ అవే పొయ్యడానికి కువలయుడికి మనసొప్పలేదు.

చివరి మలుపు తిరిగారు. ముసురుధార కనబడింది.

అంత అందాన్ని ఇంత భయంలో చూడాల్సి వచ్చినందుకు కువలయుడికి బాధ కలిగింది. ఆకాశం అంచునుంచి విడివడిన నీళ్లు మొదటి బండ మీద ముత్యాలై చెదిరి, రెండో బండ మీద తెల్లటి పట్టుతెరలై జారి, మూడో బండ దాటాక నీళ్లో మంచో తెలియని ముసురై మడుగు మీదకి దిగుతున్నాయి. నడినెత్తికొచ్చిన సూర్యుడు ఆ ముసురులో ఇంద్రధనుస్సుని కట్టాడు. గట్టు పొడుగునా కేసరి రంగు పూలు నీటిబరువుకి తలలు ఊపుతున్నాయి. ఆ పూల పక్కన, ధార తుంపరలో తడుస్తూ, బంతి కూర్చుని ఉంది.

చప్పుడు లేకుండా తింటున్నారు. వరసగా వంచిన తలలు, వరసగా లేచే చేతులు. ముఖాలు నీళ్లలో నానిన రంగులో ఉన్నాయి. మనుషుల మీద, విస్తళ్ల మధ్య, మోకాళ్ల మీద పాచి. ఆడా మగా, ముసలీ ముతకా. బాట వేసిన పాతవాళ్లు పై వరసన, తర్వాత్తర్వాత దారిలో చిక్కినవాళ్లు కింద. వరసలో అందరికన్నా చివర్న హేమాంగదుడు ఉన్నాడు. పట్టువస్త్రం పచ్చగా పాచిపట్టి, రొమ్ము దాకా ఆకుపచ్చబడి, తమ్ముడు వచ్చిన సంగతే తెలియకుండా ముద్ద తర్వాత ముద్ద తింటున్నాడు.

"రండి రండి, ఇంత ఆలస్యమా?" అన్నారెవరో.

కొసరయ్య నిండుగా ఉన్నాడు. బొద్దుగా బొజ్జ, చల్లటి నవ్వు, చేతిలో నేతిగిన్నె. చూస్తే ఏ పెళ్లివారింటి పెదనాన్నో అనుకుంటాం. కువలయుడి వేషం చూసి తల పంకించాడు. వడ్డనవాణ్ణి ఆపడం అతని చేతిలో లేదు. కడవలోకి తొంగి చూశాడు, ఎంతో బాధపడుతున్నట్టు నాలిక చప్పరించాడు. ఇది చివరిదాకా రాదు బాబూ అన్నాడు. పైనుంచి మొదలుపెడితే మీ అన్నగారి దాకా చుక్క కూడా మిగలదు. ఈ ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకుంటారా? ఆయనకి ముందు పోసి తీసుకుపొండి, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాడు.

ఎంత సుళువైన మాట. కువలయుడి కాళ్లు ఆలోచించలేదు. తిన్నగా బంతి చివరికి నడిచి, అన్న విస్తరి ముందు వంగి కడవ ఒంచబోయాడు.

బంతి మొత్తం తినడం ఆపేసింది. వంచిన తలలన్నీ ఒక్కసారి లేచి అతని వైపు తిరిగాయి. ఆ చూపుల్లో కోపం లేదు. వడ్డనలో తమని దాటిపోతే చూసే చూపు అది, మనందరం ఎప్పుడో ఒకసారి ఎవరి పెళ్లిలోనో చూసిన చూపే. ఒకసారి ఈ ఇంటి చేతే వదిలేయబడ్డవాళ్లు, ఇప్పుడు మళ్లీ. నేలమీద పాచి సరసరమని పెరిగి హేమాంగదుడి మెడవైపు పాకింది. పక్కన కొసరయ్య బొజ్జ నిమురుకుంటున్నాడు.

కడవ మూతి నుంచి మొదటి చుక్క రాలేలోగా ఒక చెయ్యి విస్తరికి అడ్డం పడింది. పాచి పట్టిన చెయ్యి. హేమాంగదుడు తలెత్తాడు. కళ్లలో ఎక్కడో అడుగున మనిషి ఇంకా ఉన్నాడు.

"పైనుంచి వడ్డించుకు రా, తమ్ముడూ," అన్నాడు. "ఈ బంతిలో మనింటివాళ్లం ముందు తినకూడదు."

కువలయుడికి సిగ్గుతో కళ్లు తిరిగాయి. అన్న చేతిని చూస్తూ కడవ నిలబెట్టాడు. వెనక్కి నడిచి బంతి తలకాయ దగ్గరకి వెళ్లాడు. మొదట కూర్చున్నది చెయ్యి వంకరపోయిన ఒక ముసలి రాతిపనివాడు. కువలయుడు వంగాడు. దారిలో నేర్చుకున్నట్టే, చెయ్యి ఆకుకి తగలకుండా, పలచటి ధారగా పోశాడు.

మజ్జిగ పడిన విస్తరిని ముసలివాడు నమ్మలేనట్టు చూశాడు. అన్నం కలుపుకున్నాడు. నాలుగు ముద్దల్లో తినేశాడు. చెయ్యి నాక్కుని, విస్తరి మడిచి, తృప్తిగా ఒక్క తేన్పు తేన్చాడు. అప్పుడు మోకాళ్ల మీద చేతులాన్చుకుని లేచాడు. ఎన్నో తరాల తర్వాత లేచిన మనిషి. ధారలో చెయ్యి కడుక్కోవడానికన్నట్టు రెండడుగులు వేసి, ఎండలో తుంపరలా కలిసిపోయాడు.

కువలయుడు పొయ్యడం మొదలుపెట్టాక ఆగలేదు. ఒక్కొక్కరికి కొద్దికొద్దిగా, ఆకు తడిసేంత. లేచినవాళ్లు లేస్తూనే ఉన్నారు. మనిషి లేచినప్పుడల్లా కొసరయ్య బొజ్జ కాస్త జారింది, బుగ్గలు పీక్కుపోయాయి, నేతిగిన్నె బరువెక్కింది. అడ్డుపడలేక, ఊరికే నిలబడలేక, ఇంకాస్త పులుసు వేసుకోండి, ఇంకో బూరె తినండి అని వెనకే తిరిగాడు. ఎవరూ అతని ముఖం చూడలేదు. వాళ్ల చూపంతా కడవ మీదే ఉంది.

చివర్న ఇద్దరు మిగిలారు. ఒకరు హేమాంగదుడు. అతని పక్కన, పై విస్తరి ముందు, భుజాన తేనెగుడ్డ వేసుకున్న మనిషి. ఎవరని కువలయుడు అడగలేదు. గురివి ముఖం చూస్తే తెలిసిపోయింది. కడవ వంచి చూస్తే ఒక్క మనిషికే ఉంది.

గురివి దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పింది. "మా ఇంటాయన ఎటూ పోయినవాడే దొరా. నీ అన్న ఇంకా బతికున్నాడు. ఆయనకే పొయ్యి. నేనేం అనుకోను."

అందులో తప్పు పట్టడానికేముంది? ఎవరైనా అదే అంటారు. కువలయుడు అన్న వైపు చూడలేదు, చూస్తే చెయ్యి తిరిగిపోతుందని అతనికి తెలుసు.

"బంతిలో ఎవరి ఆకు ముందుంటే వాళ్లదే అక్కా," అన్నాడు. అడుగు మజ్జిగంతా తేనెగుడ్డ మనిషి విస్తరిలో ఒంచేశాడు.

ఆ మనిషి తిన్నాడు. విస్తరి మడిచాడు. లేచి గురివి ముందు నిలబడి, ఏదో అడగబోయి, ఆమె జుట్టులో తెల్లవెంట్రుకలు చూసి ఊరుకున్నాడు. గురివి అతని భుజం మీద తేనెగుడ్డ సరిచేసింది. సరిచేసిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, మనిషి లేడు. ఆమె ఏడవలేదు. ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, కొంగు బిగించింది. ఏడిచే తీరిక ఎక్కడుంది?

హేమాంగదుడు ఒక్కడూ మిగిలాడు. పాచి అతని గొంతుగుంట కింద ఆగి ఉంది. కొసరయ్యకి సగం ప్రాణం తిరిగొచ్చింది. పోతే పోయారు, రాజవంశపు విస్తరి ఒక్కటి చాలు, బంతి మళ్లీ పెంచుకుంటాను అనుకుంటూ అన్నం తెచ్చి హేమాంగదుడి ముందు దిమ్మరించబోయాడు. ఇంకో ముద్ద పడితే ఆ గొంతు దాటిపోతుంది.

కువలయుడు ఖాళీ కడవ విసిరేశాడు. వంగి, రెండు చేతులా అన్న తిన్న ఎంగిలి విస్తరి ఎత్తి ధారలో పారేశాడు. అందరూ లేచారు, విస్తరి తీశారు, ఆ బంతి అయిపోయింది. పక్కన దొంతరలోంచి తాజా విస్తళ్లు రెండు లాగి పరిచాడు. ఒకటి అన్న ముందు. రెండోది అన్న పక్కన. రెండోదాని ముందు తనే మఠం వేసుకుని కూర్చున్నాడు.

 కొసరయ్య సంతోషానికి మేర లేదు. పిలవకుండానే కూర్చున్న అతిథి అతనికి ఇంతవరకు దొరకలేదు. క్షణంలో రెండు విస్తళ్లూ నిండిపోయాయి. పప్పు, కొత్తావకాయ, గుత్తివంకాయ, బూరెలు, పైన కాగిన నెయ్యి. మొదలుపెట్టండి బాబూ, మొహమాటపడకండి అన్నాడు.

"గురివక్కా, ఇంకో కడవ తీసుకురా. ఇది కొత్త బంతి, దీనికి నువ్వు పోసినా చెల్లుతుంది," అన్నాడు కువలయుడు. అన్న వైపు తిరిగాడు. "నువ్వు ముద్ద ముట్టందే నేను ముట్టను అన్నయ్యా."

హేమాంగదుడు తమ్ముడి ముఖంలోకి కాసేపు చూశాడు. అర్థమైంది. ఎండిన పెదాల మీద నవ్వులాంటిది కదిలింది.

"చిన్నవాడివి, నువ్వు తినకుండా నేనెలా తింటాను?" అన్నాడు.

ముందు నువ్వు. కాదు, ముందు నువ్వే. మనవాళ్ల మర్యాదకి ఇలాంటి చోట కూడా పని ఉంటుందని ఎవరనుకున్నారు? ఎవరూ ముట్టలేదు, పాచి ఆగిపోయింది. గురివి అప్పటికే, తేనె కోసం కొండ అంచులు దిగేందుకు నడుముకి చుట్టుకునే తాడు విప్పి చెట్టుకి బిగించింది, ధార పక్కనుంచి నిలువునా జారిపోయింది. కింద గూడెం చేరి, కడవ నింపుకుని, మళ్లీ అదే తాడు పట్టుకుని పైకి రావాలి. అంతసేపూ ఈ ఇద్దరూ ముద్ద ముట్టకుండా ఉండాలి.

అంతసేపు అంటే మాటలా? నిన్నటినుంచి కువలయుడి కడుపులో ఏమీ లేదు. నెయ్యి వాసన ముక్కుపుటాలు దాటి మెదడులోకి పోతోంది. హేమాంగదుడి సంగతి ఇంకా అన్యాయం. అతని చేతికి ఇన్నాళ్లుగా తినడమే అలవాటు, మనసు వద్దన్నా చెయ్యి వినే స్థితిలో లేదు. వేళ్లు వాటంతట అవే విస్తరి వైపు జరుగుతున్నాయి. కొసరయ్యకి అదంతా కనబడుతూనే ఉంది. ఎదురుగా నిలబడి, సన్నటి ధారగా, ఇంకాస్త నెయ్యి పోశాడు.

కువలయుడు ఆ ముఖంలోకి చూశాడు. పీక్కుపోయిన బుగ్గలు, వేలాడే చర్మం, చేతిలో బరువైన గిన్నె. తరాల తరబడి వడ్డించి వడ్డించి నిలబడే ఉన్న కాళ్లు. చుట్టూ చూస్తే వంటకాలన్నీ ఉన్నాయి, అతని కోసం మాత్రం ఒక్క ఆకు లేదు. కువలయుడు చెయ్యి చాచి, దొంతరలోంచి మూడో విస్తరి తీసి తన పక్కన పరిచాడు.

"మీరు తిన్నారా?" అని అడిగాడు. "మీరూ కూర్చోండి. కలిసే తిందాం."

ఆ మాట కొసరయ్యని ఎవరూ, ఎప్పుడూ అడగలేదు. నేతిగిన్నె రెండో చేతికి మార్చుకున్నాడు. వద్దు, వద్దు, నాకేం ఆకలి లేదు, ముందు మీరు కానివ్వండి అన్నాడు. ఒకసారి వద్దన్నాడు కాబట్టి కువలయుడు ఇంకోసారి అడిగాడు. ఇంతసేపు నిలబడ్డారు, మొహమాటపడకండి అన్నాడు. కొసరయ్య ఆ పచ్చటి ఆకుని చూశాడు. ఆకు మీద తుంపర పడుతోంది. మెల్లగా ఆ ఆకు ముందు కూర్చోవడానికి వంగాడు.

అప్పుడే హేమాంగదుడి కుడిచెయ్యి అన్నంలో దిగింది. కువలయుడు తిరిగి అన్న మణికట్టు పట్టుకునేసరికి ముద్ద పెదాల దాకా వచ్చేసింది. కువలయుడు పట్టు వదల్లేదు, ముద్ద పెదాలు దాటలేదు, పక్కన కొసరయ్య మూడో ఆకు ముందు కూర్చుండిపోయాడు, ఇక కొసరేవాడు లేడు, ధార పక్కన గురివి తాడు ఎక్కొస్తున్న బరువుకి బిగుసుకుంది.